రాలే జుట్టుకు మూడు నెలల వెనకటి లెక్క

హైదరాబాదులోని ఒక ప్రభుత్వ బోధనాసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీ ముందు ఉదయాన్నే చీటీలు పట్టుకుని బారులు తీరేవారిలో తామరకో, గజ్జికో, బొల్లికో మందు కోసం వచ్చినవారితో పాటు, ఒంటి మీద ఏ మచ్చా లేనివారు కూడా కనిపిస్తారు. వీరిలో కొందరి చేతిలో ఒక పాలిథిన్ కవరో, కాగితం పొట్లమో ఉంటుంది; దువ్వెనకూ, దిండుకూ, స్నానాలగది జాలీకీ చిక్కిన వెంట్రుకలను ఉండ చుట్టి, డాక్టరుకు సాక్ష్యంగా చూపడానికి తెచ్చుకున్న పొట్లమది. లోపల దానిని ఎవరూ తేలికగా తీసుకోరు. పొట్లం విప్పి, నాలుగైదు వెంట్రుకలను విడదీసి, వాటి అడుగు కొనను భూతద్దం కింద చూస్తారు. అక్కడ తెల్లటి చిన్న బుడిపె కనిపిస్తే కుదురుతో సహా ఊడిపోయిందని రోగులు బెంబేలెత్తుతారు గానీ, అది విశ్రాంతి దశ ముగించుకున్న వెంట్రుక అడుగున గట్టిపడిన భాగమే. కుదురు మాత్రం చర్మంలోనే నిలిచి, మరో వెంట్రుకను పుట్టించే పనిలో ఉంటుంది.

తలపై ఉండే సుమారు లక్ష వెంట్రుకల్లో ఒక్కొక్కటీ నెలకు దాదాపు 1 సెంటీమీటరు చొప్పున 2 నుంచి 6 ఏళ్ళ పాటు పెరిగి, రెండు మూడు వారాల్లో ఎదుగుదల ఆపుకొని, ఆపైన ఇంచుమించు 3 నెలలు విశ్రమించి రాలుతుంది కనుక, రోజుకు 50 నుంచి 100 వరకు రాలడం సహజమే. తీవ్రమైన జ్వరం, ప్రసవం, పెద్ద ఆపరేషన్, తిండి బాగా తగ్గించడం వంటివి శరీరాన్ని కుదిపినప్పుడు, ఇంకా పెరగవలసిన వెంట్రుకలు అనేకం ఒక్కసారిగా విశ్రాంతి దశకు చేరి, రెండు మూడు నెలల తర్వాత కట్టకట్టుకుని రాలుతాయి. దీనినే వైద్యులు టెలోజెన్ ఎఫ్లూవియం అంటారు. తలకు ఏం రాస్తున్నారన్న ప్రశ్న కంటే ముందు, మూడు నెలల కిందట ఏం జరిగిందన్న ప్రశ్న ఇక్కడ వినిపించేది అందుకే.

ఇంటర్ చదువుతూ హాస్టల్లో ఉంటున్న అమ్మాయిని వెంటబెట్టుకొచ్చిన తల్లి, అక్కడి బోరు నీళ్ళే కొంప ముంచాయని గట్టిగా చెప్పింది. “ఈమధ్య జ్వరమేమైనా వచ్చిందామ్మా?” అని డాక్టరు అడిగితే, “వానాకాలంలో డెంగీ వచ్చిందండీ, అదెప్పుడో తగ్గిపోయిందిగా!” అని జవాబు. డాక్టరు యాభై అరవై వెంట్రుకలను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి, మొదలు నుంచి కొస దాకా మెల్లగా లాగితే, పదోవంతుకు మించి వేళ్ళకు వచ్చాయి. ఉప్పు నీళ్ళు జుట్టును గరుకుపరచవచ్చు గానీ కుదుళ్ళను ఇలా మూకుమ్మడిగా విశ్రాంతికి పంపవు. హిమోగ్లోబిన్, శరీరంలో ఇనుము నిల్వను తెలిపే ఫెరిటిన్, థైరాయిడ్ పరీక్షలు రాసి, అవి సరిగా ఉంటే ఏ మందూ అక్కర్లేదనీ, ఆరు నెలల్లో రాలడం సర్దుకుంటుందనీ చెప్పి పంపించారు. మందు రాయలేదన్న అసంతృప్తి తల్లి ముఖంలో దాగలేదు. ఈ విభాగంలో అన్నిటికన్నా కష్టమైన వైద్యం బహుశా ఈ నచ్చజెప్పడమే.

పేనుకొరుకుడు సంగతి వేరు. రూపాయి బిళ్ళంత మేర నున్నగా జుట్టు పోయే ఈ జబ్బుకు పేలతో సంబంధం లేదు; శరీరపు రోగనిరోధక కణాలే కుదుళ్ళపై దాడి చేయడం దీనికి మూలం. మచ్చ అంచున, మొదట్లో సన్నబడి కొసన లావుగా ఉండే పొట్టి వెంట్రుకలు కనిపిస్తే జబ్బు ఇంకా చురుగ్గా ఉన్నట్టు లెక్క. విషపూరితమైన గురివింద గింజను అరగదీసి పూసుకుని, పుండ్లు పడ్డాక వచ్చేవారూ ఉన్నారు. చిన్న మచ్చలు చాలావరకు వాటంతటవే పూడుతాయి. లేకుంటే మచ్చలోకే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. కొత్త జుట్టు మొదట తెల్లగా మొలిచి, తర్వాత నల్లబడడం కద్దు.

మగవారి బట్టతలకు వాడే మినాక్సిడిల్ మొదట రక్తపోటు మాత్రగా వచ్చిన మందు. తలకు రాసిన తొలి వారాల్లో రాలడం ఎక్కువై, భయపడి మానేసేవారే ఎక్కువని ఇక్కడి వైద్యుల ఫిర్యాదు.

సంచుల్లోంచి బయటపడే విటమిన్ మాత్రల డబ్బాలపై మాత్రం విచారణ గట్టిగానే సాగుతుంది. సెలీనియం కొంచెం అవసరమే అయినా, మోతాదు మించితే అదే జుట్టును రాలుస్తుంది. 2025 జనవరిలో మహారాష్ట్రలోని బుల్ఢాణా జిల్లా పల్లెల్లో రోజుల వ్యవధిలో జనానికి బట్టతలలు వచ్చినప్పుడు అనుమానం దాని మీదకే మళ్ళింది. బయోటిన్ లోపం చాలా అరుదు, అయినా జుట్టు మాత్రల్లో అది లేనిది కనిపించదు. పైగా ఎక్కువ మోతాదులో వాడితే థైరాయిడ్ పరీక్షల్లో లేని జబ్బు ఉన్నట్టు చూపగలదు. అందువల్ల ఆ మాత్రలు వేసుకునేవారికి, వాటిని ఆపి కొన్ని రోజులు గడిచాకే రక్తం ఇమ్మని ఓపీ చీటీ వెనుక రాసిస్తున్నారు.