కుందులి సంతలో చోళ్ళు

విజయనగరం నుంచి సాలూరు దాటి ఘాటీ ఎక్కితే సుంకి దగ్గర ఒడిశాలో అడుగు పెడతాం. పొట్టంగి మీదుగా సెమిలిగూడ చేరేసరికి గాలిలో చల్లదనం తెలుస్తుంది. ఆ ఊరికి దగ్గరలోనే ఉంది కుందులి. శుక్రవారం నాడు ఇక్కడ జరిగే సంత కోరాపుట్ జిల్లాలోని పెద్ద సంతల్లో ఒకటి. తెల్లవారకముందే కొండల మీది ఊళ్ళ నుంచి పరజలు, గదబలు, కోందులు తట్టలు నెత్తిన పెట్టుకుని దిగుతారు. అల్లం, బంగాళాదుంపలు, చిక్కుళ్ళు, వలిసెలు, చింతపండు రాసులు పోసి కూర్చుంటారు. ఒడియా, దేశియా మాటల మధ్య మన తెలుగు కూడా ధారాళంగా వినిపిస్తుంది.

అందులో వింతేమీ లేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడే వరకు జయపురం సంస్థానం మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లాలో భాగమే. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి అండగా నిలిచిన విక్రమదేవ వర్మ మహారాజు ఈ జయపురం వారే. అందుకే జయపురం, కోరాపుట్, రాయగడలలో తరతరాలుగా తెలుగు కుటుంబాలున్నాయి. మన భాషతోపాటు మన తిండి కూడా ఈ కొండలెక్కింది. కొండవారి తిండి కూడా కొంత మన ఇళ్ళలోకి దిగింది.

పంట ఇళ్ళకు చేరాక, చలికాలంలో ఈ సంతకు వెళ్తే ఎర్రటి చోళ్ళ కుప్పలు కనిపిస్తాయి. ఇక్కడ వాటిని మాండియా అంటారు. ఉత్తరాంధ్రలో చోళ్ళు, రాయలసీమలో, కర్ణాటకలోని మనవాళ్ళకు రాగులు, తమిళనాడులో కేళ్వరగు, మహారాష్ట్రలో నాచణి. పేర్లు ఎన్నైనా గింజ ఒకటే. ఒకరు ముద్ద చేస్తారు, ఒకరు కూళు కాస్తారు, ఒకరు రొట్టె తడతారు. ఈ పత్రిక చేరే ప్రతి రాష్ట్రంలోనూ ఈ గింజ ఉంది.

ఈ రోజుల్లో "సహజాహారం", "ముడి ధాన్యాలు" అన్న మాటలు ఇంటింటా వినిపిస్తున్నాయి. అదేదో పట్నంలోని పెద్ద దుకాణంలో, రంగుల పొట్లాల్లో దొరికేదని చాలామంది అనుకుంటున్నారు. చోళ్ళ విషయం చూడండి. వరికి, సామకు ఉన్నట్టు దీనికి ఊక ఉండదు. పై తొక్క గింజను అంటిపెట్టుకునే ఉంటుంది. కాబట్టి దంచి తెల్లగా చేయడమన్నది మామూలుగా కుదరదు, తొక్కతోనే పిండి పడుతుంది. అందుకే పీచు పోదు. నూరు గ్రాముల చోళ్ళలో సుమారు 340 నుంచి 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. మరపట్టిన తెల్లబియ్యంలో అది పది మిల్లీగ్రాములు కూడా ఉండడం కష్టమే.

సామల కథ వేరు. వాటి ఊక వదిలించాలంటే రోట్లో పదే పదే దంచి, చెరగాలి. ఆ చాకిరీ అంతా ఆడవాళ్ళదే. బియ్యం మరలు వచ్చాక ఆ శ్రమ ఎవరు పడతారు? సామలు, కొర్రలు మన వంటిళ్ళ నుంచి తప్పుకోవడానికి రుచి ఒక్కటే కారణం కాదు, అమ్మమ్మల నడుం నొప్పి కూడా కారణమే. ఇప్పుడు చిన్న చిన్న మరలు వచ్చాయి కనుక ఆ బాధ తగ్గింది. కానీ మరలో మరీ తెల్లగా తీస్తే పైపొర కూడా పోతుంది. కొనేటప్పుడు కాస్త మట్టిరంగులో ఉన్న సామబియ్యం అడగండి. వీటిలో నూనె అంశం మిగిలి ఉంటుంది కనుక త్వరగా కంపు కొడతాయి. ఒకేసారి బస్తా తెచ్చుకోకుండా నెలకు సరిపడా తెచ్చుకోవడం మేలు.

ఇక మొదలుపెట్టడం ఎలా? ఒక్క అంబలితో మొదలుపెట్టవచ్చు. రాత్రి ఒక గ్లాసు చోడిపిండిని రెండు గ్లాసుల నీళ్ళలో కలిపి మూత పెట్టండి. తెల్లవారేసరికి కాస్త పులుస్తుంది. నాలుగు గ్లాసుల నీళ్ళు మరిగించి, రెండు గుప్పెళ్ళ నూకలు వేసి ఉడకనివ్వండి. అందులో పులిసిన పిండి పోస్తూ, ఉండలు కట్టకుండా కలుపుతూ సన్నని సెగ మీద ఉడికించండి. చల్లారాక మజ్జిగ, ఉప్పు కలిపి, ఉల్లిపాయ నంజుకుని తాగితే ఎండవేళ ప్రాణం లేచి వస్తుంది. కొండల్లో దీన్నే మాండియా పేజ్ అంటారు. ఎండబెట్టిన సొరబుర్రలో పోసుకుని పొలానికి పట్టుకెళ్తారు.

వారానికి రెండు పూటలతో మొదలుపెట్టి, ఒంటికి పడితే పెంచుకోండి. అలవాటు లేని కడుపుకు ఒక్కసారిగా పీచు ఎక్కువైతే ఉబ్బరం వస్తుంది. సామబియ్యం వండేముందు అరగంటైనా నానబెట్టండి. మధుమేహం ఉన్నవారికి ఒక మాట. చోళ్ళలోనూ పిండిపదార్థమే ఎక్కువ. మెత్తటి పిండితో కాచిన జావ త్వరగా అరుగుతుంది. "చోళ్ళే కదా" అని చెంబులకొద్దీ తాగకూడదు. కూర, పప్పు తోడుగా మితంగా తినాలి, మందులు మానకూడదు.

ఇంత మంచి గింజను ఇన్నాళ్ళు నిలిపిందెవరు? కోరాపుట్ సంప్రదాయ సేద్యాన్ని 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. జయపురం ప్రాంతపు కమలా పూజారి వందకు పైగా దేశవాళీ వరి రకాలను కాపాడారు. ఆమెకు 2019లో పద్మశ్రీ వచ్చింది, 2024 జులైలో కన్నుమూశారు. ఒడిశా ప్రభుత్వం 2017లో చిరుధాన్యాల పథకం మొదలుపెట్టి, రైతుల నుంచి చోళ్ళు కొనసాగింది. కేంద్రం మద్దతు ధర 2017-18లో క్వింటాలుకు 1,900 రూపాయలు, 2025-26కు 4,886 రూపాయలు. రైతుకు గిట్టుబాటైతేనే విత్తనం బతుకుతుంది.

ధర ఒక్కటే చాలదు. ఒకప్పుడు "అంబలి తాగే ఇల్లు" అంటే మనలోనే చిన్నచూపు ఉండేది. చుట్టాలొస్తే అంబలి కుండ చాటుకు పోయి, తెల్లన్నం ముందుకొచ్చేది. కొండల్లోని పిల్లలు కూడా ఇప్పుడు బడిలో అంబలి పేరెత్తడానికి సిగ్గుపడితే ఆ తప్పు వాళ్ళది కాదు, ఆ సిగ్గు నేర్పినవాళ్ళది. పండించేవాడు సిగ్గుతో మానేసి, కొనేవాడు గొప్పకోసం పొట్లం కొనుక్కుంటే ఆ గింజ ఎన్నాళ్ళు నిలుస్తుంది?

కాబట్టి మీ ఊళ్ళో సంత జరిగితే సంతకే వెళ్ళండి. పండించిన మనిషి దగ్గర కొనండి, బేరం కాస్త తగ్గించండి. ఎలా వండుతారో ఆమెనే అడగండి, సంతోషంగా చెబుతుంది. ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళనీ అడగండి. మరుసటిసారి చుట్టాలొచ్చినప్పుడు ఆ అంబలి గ్లాసు చాటున కాదు, చావడిలోనే అందించండి.