కల్యాణి ఖని... హీరోయిన్ పేరు కాదు!

సినిమాలో బొగ్గుగని చూడనివారుండరు. 1979లో 'కాలా పత్థర్'లో అమితాబ్ గనిలోకి దిగితే జనం చప్పట్లు కొట్టారు. 2023లో 'దసరా'లో నాని ఒంటినిండా మసితో వస్తే మనం ఈలలు వేశాం. మరి మేకప్ కాని మసిని ఎప్పుడైనా చూశారా? చూడాలంటే మందమర్రి రండి!

కాజీపేట - బల్లార్షా లైనులో ఉత్తరానికి వస్తుంటే మంచిర్యాల తర్వాత రవీంద్రఖని, ఆ తర్వాత మందమర్రి స్టేషను. ఒకప్పుడు ఆదిలాబాద్ జిల్లా, 2016 నుంచి మంచిర్యాల జిల్లా. ఇక్కడ కల్యాణి ఖని, శాంతి ఖని అని వినబడితే కొత్త హీరోయిన్లనుకునేరు... కాదండీ, బొగ్గుగనుల పేర్లు! అన్నట్టు, 'గని' అనే మాట కాగితాలమీదే. ఊళ్ళో అందరికీ అది 'బాయి'. "నీదే బాయి?" అంటే ఎక్కడ పనిచేస్తున్నావని అర్థం.

దొరలు వేసిన దారి

ఈ కథకు ఫ్లాష్‌బ్యాక్ ఇల్లెందులో ఉంది. 1871లో జియలాజికల్ సర్వేకు చెందిన డాక్టర్ విలియం కింగ్ అక్కడ బొగ్గు కనిపెట్టారు. 1886లో ఇంగ్లండులో రిజిస్టరైన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు సంపాదించింది. 1889లో బొగ్గు తీయడం మొదలైంది. దగ్గరి పల్లె పేరే 1920 డిసెంబరు 23న కంపెనీ పేరయింది... అదే సింగరేణి! 1945లో నిజాం ప్రభుత్వం చేతికి, తర్వాత మన ప్రభుత్వాల చేతికి వచ్చింది. తవ్వకం మాత్రం ఆగలేదు. గోదావరి దాటి బెల్లంపల్లికి, మందమర్రికి పాకింది.

కప్పు చప్పుడు

టీ కొట్టు దగ్గర ఒక రిటైర్డు కార్మికుడు కలిశారు. నెత్తిన టోపీ, టోపీకి లైటు, నడుముకు బ్యాటరీ... ఈ వేషంతో ముప్ఫయ్యేళ్ళు దిగారట. "లోపల భయం వేయదా కాకా?" అని అడిగాం.

"భయమెందుకుండది బిడ్డా! కప్పు కూలే ముందు సప్పుడు జేస్తది. ఆ సప్పుడు ఇన్నోడు బతుకుతడు."

సంగతేమిటంటే, లోపల బొగ్గంతా ఒకేసారి తీయరు. మధ్య మధ్య బొగ్గునే స్తంభాలుగా వదిలి దారులు తవ్వుతూ పోతారు. పైనున్న భూమి బరువంతా ఆ స్తంభాలమీదే! చివరికి ఆ స్తంభాల బొగ్గు కూడా తీసేచోట్ల ఖాళీలో ఇసుక నింపుతారు. గోదావరి ఇసుక బొగ్గు స్థానంలోకి వెళుతుందన్నమాట.

జనం తగ్గిన షిఫ్టు

ఒకప్పుడు షిఫ్టు వదిలితే మ్యాట్నీ వదిలినట్టు ఉండేదట! ఇప్పుడా జనం లేరు. కొత్తగా వచ్చేవి ఎక్కువగా ఓపెన్‌కాస్టులు. భూమిని పైనుంచే విప్పేసి, మట్టిని గుట్టలుగా పోసి, బొగ్గు ఎత్తుకుపోతారు. యంత్రం ఎక్కువ, మనిషి తక్కువ. 1990ల మొదట్లో సింగరేణి మొత్తం మీద లక్ష దాటిన కార్మికులు ఇవాళ నలభై వేల చిల్లరకు దిగారు.

"మా నాయిన దిగిండు, నేను దిగిన. మా పోరడు హైదరాబాద్ పోయిండు. దిగలేదని సంబురమే. కని బాయి మూస్తరంటె పాణం గుంజుతది" అన్నారు కాక, టీ గ్లాసు పక్కన పెడుతూ.

ఈ రెండు మాటలూ ఒకే నోట వినాలంటే మందమర్రి రావాల్సిందే.

పదిహేడేళ్ళు లేటు!

కోలార్ బంగారు గనులు గుర్తున్నాయి కదా? 1880లో ఇంగ్లీషు జాన్ టేలర్ కంపెనీ చేపట్టిన ఆ గనుల్లో మన తెలుగువాళ్ళెందరో చెమటోడ్చారు. 2001లో అవి మూతపడ్డాయి. 'కె.జి.ఎఫ్.'లో యశ్ తెరమీదికి వచ్చింది 2018లో! అప్పటికి బావిలో దిగేవాడు లేడు.

మందమర్రి విషయంలో అంత ఆలస్యం చేయకండి. అనుమతి లేనిదే గనిలోకి పంపరు, ఫర్వాలేదు. షిఫ్టు మారేవేళ గేటు దగ్గర కాసేపు నిలబడండి చాలు. నల్లబడిన ముఖాల్లో తెల్లగా మెరిసే ఆ కళ్ళకు డూపుల్లేరు, రీటేకుల్లేవు!