పట్టుదారము, ఊపిరి

హిందూపురపు పట్టుగూళ్ల మార్కెట్టులో వేలము ముగిసిన పిమ్మట, బస్తాల వెంబడి నడచి నేనొక చరకాశాల చేరితిని. మరుగునీట మెత్తబడిన గూళ్లు సన్నని పోగులను విడుచుచుండగా, ఆ ఆవిరిలో, ఆ పొగలో దినమెల్ల నిలిచి పనిచేయు ఒక నడివయసు స్త్రీ, "రేత్రి పండుకుంటే ఊపిరాడదు సామీ, మాత్ర మింగితేనే నిద్ర" అని చెప్పి, కొంగుముడి విప్పి మాత్రల పట్టీ చూపినది. దానిపై థియోఫిలిన్ పేరు అచ్చయి యుండెను. గూళ్ల ధూళిలోని ప్రొటీనులు కొందరికి ఉబ్బసము తెచ్చునని వైద్యులెరిగినదే.

ఆ మాత్ర పనితీరును ఊరిలోని వైద్యుడొకరు ఓపికతో వివరించిరి. కాఫీలోని కెఫీను, కోకోలోని థియోబ్రోమిను, 1888లో ఆల్బ్రెక్ట్ కోసెల్ తేయాకునుండి వేరుచేసిన థియోఫిలిన్, ఈ మూడును మిథైల్‌జాంథీన్ కుటుంబమునకు చెందినవి. భీమవరమున జన్మించిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారు సహశాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి 1929లో ప్రకటించిన ఏటీపీ నుండియే జీవకణము చక్రీయ ఏఎంపీ అను దూతను నిర్మించుకొనును; శ్వాసనాళపు కండరమును సడలించు ఆ దూతను ఫాస్ఫోడైఎస్టరేస్ అను ఎంజైము విచ్ఛిన్నము చేయును. ఆ ఎంజైమును మిథైల్‌జాంథీన్‌లు నిరోధించునని శాస్త్రవేత్తలు బుచర్, సదర్లండులు 1962లో చూపిరి. అంతట దూత నిలుచును, కండరము సడలును, ఊపిరికి దారి యేర్పడును.

అయినను ఎంజైమును గట్టిగా అణచు మోతాదు విషపు సరిహద్దునకు సమీపమున నుండును. కాఫీతో అంత మోతాదు అందదు గనుక, అది త్రాగినపుడు కలుగు మెలకువ ముఖ్యముగా అడినోసిన్ గ్రాహకములను అడ్డగించుటవలన కలుగునదే. రక్తమున మిల్లీలీటరుకు 20 మైక్రోగ్రాములు మించిన థియోఫిలిన్ వాంతులను, గుండెదడను, మూర్ఛలను గూడ తేగలదు. సిప్రోఫ్లాక్సాసిన్ అను యాంటీబయాటిక్ తోడైన థియోఫిలిన్ మట్టము పెరుగును, పొగత్రాగువారిలో తరుగును. అందుచేతనే నేడు ఉబ్బసమునకు పీల్చుమందులకే అగ్రస్థానమనియు, ఇది తోడుమందు మాత్రమేననియు వైద్యుడు పలుమారు హెచ్చరించిరి.

పెనుకొండ దుర్గమును దాటి ధర్మవరము చేరి, మగ్గముపై పట్టుపోగు జరీతో కలిసి చీరయగుట చూచితిని. ఎంజైమును కొన్ని గంటలు నిలువరించు మాత్ర చరకాశాలలోని ఆ స్త్రీ ఊపిరికి ఆసరాయే గాని రక్షణ కాదు; గాలియాడు కిటికీలు, ఆవిరిని, పొగను వెలికి పంపు గొట్టములు, ముఖమునకు తగిన కప్పు ఆ చరకాశాలలో లేనన్నాళ్లు వ్యాధి ఔషధమును వేడుచునేయుండును. కావున చీర వెలలో పోగు తీసిన చేతుల కూలితోపాటు, ఆ చేతులవారి శ్వాసను కాపాడు వ్యయమును చేర్చుట వ్యాపారులకును, కొనువారికిని ధర్మమని నా దృఢవిశ్వాసము.