ఫాస్టింగు 142, నాటౌట్

ఇలా రండి, గోడ దగ్గరికి. వంటయిందా? అయితే ఒక్క మాట చెప్పండి. పొద్దున్నే మీ ఫోను టింగుమంటే ఏం వస్తుంది? శుభోదయం గులాబీలా? వేంకటేశ్వరస్వామి ఫొటోనా? అదృష్టవంతులు. మాకు స్కోరు వస్తుంది.

"ఫాస్టింగు 142."

అంతే. కుశలం లేదు, కబురు లేదు. మా ఆయన రోజూ కాఫీకి ముందు వేలికి సూది పొడుచుకుని, మిషను చూపించిన అంకెని ఫొటో తీసి చుట్టాల గ్రూపులో పడేస్తారు. ఇక కామెంటరీ మొదలు. విజయవాడ బావగారు "నిన్నటికంటే 6 తగ్గింది, భేష్" అంటారు. డాలస్ నుంచి మా అబ్బాయి "నాన్నా, రాత్రి ఏం తిన్నారు?" అని నిలదీస్తాడు. మా ఆడపడుచు మాత్రం దణ్ణం బొమ్మ పెడుతుంది. షుగరు పెరిగినా దణ్ణమే, తగ్గినా దణ్ణమే. ఆవిడ ధోరణి ఆవిడది.

నవ్వుతున్నారా? మీ ఇంట్లో బీపీ మిషను ఎక్కడుందో చెప్పమంటారా? టీవీ కింద సొరుగులో, రిమోటు పక్కన. అవునా, కాదా?

మా నాన్నగారి రోజుల్లో షుగరు చూడడమంటే పెద్ద తతంగం. కాంపౌండరు గారు స్పిరిటు దీపం వెలిగించి, గాజు గొట్టంలో నీలం మందు పోసి, అందులో కొన్ని చుక్కలు వేసి (దేని చుక్కలో నన్నడక్కండి, మీకూ తెలుసు) కాచేవారు. పిల్లలమంతా చుట్టూ మూగేవాళ్ళం. నీలం నీలంగానే ఉంటే ఇంటిల్లిపాదికీ పండగ. ఆకుపచ్చకి తిరిగితే అమ్మ మొహం వాడిపోయేది. పసుపు దాటి ఇటుక రంగులోకి దిగిందా, ఆ నెలంతా మాకూ పాయసం బంద్. ఆయనకి జబ్బయితే మాకెందుకు శిక్షో ఇప్పటికీ అర్థం కాలేదు. ఇప్పుడా రంగులేవీ? రక్తపు చుక్క తగలగానే స్ట్రిప్పులో ఉన్న ఎంజైము చిటికెడు కరెంటు పుట్టిస్తుంది, మిషను దాన్ని కొలిచి అయిదు సెకన్లలో అంకె వేస్తుంది. సుఖమే, కాదనను. సినిమా పోయి స్కోరు బోర్డు మిగిలింది, అంతే.

థర్మామీటరూ అంతే. పాదరసం దింపడానికి నర్సమ్మ మణికట్టుతో విదిలించే ఆ విదిలింపు గుర్తుందా? మూడే మూడు విదిలింపులు, గాజులు గలగల్లాడేవి. ఆ చప్పుడుకే నాకు సగం జ్వరం తగ్గేది. ఇప్పుడు నుదుటికి తుపాకీలాంటిది గురిపెడతారు.

సరే, అసలు మనిషి దగ్గరికి వద్దాం. మా గోడకి ఇటుపక్క మీరు, అటుపక్క సిస్టరు. మా ఊరి ఏఎన్ఎం. కాపురం మా పక్కింట్లోనే కాబట్టి నా ఆరోగ్యవిద్యంతా పిట్టగోడ మీద నేర్చుకున్నదే. మొదట్లో చూసేవాళ్ళం, చంకనిండా రిజిస్టర్లు. గర్భిణులకి ఒకటి, పసిపిల్లల టీకాలకి ఒకటి, ఇంకా ఎన్నో. తర్వాత ట్యాబు వచ్చింది. ఆంధ్రలో 2016లో "అన్‌మోల్" అని ఒక యాప్ తెచ్చారు. ఏఎన్ఎం ఆన్‌లైన్ అన్నమాట, హిందీలో ఆ మాటకి వెలకట్టలేనిదని అర్థమట. పేరు పెట్టినవాళ్ళెవరో గానీ సరసులే. ఇక రిజిస్టర్ల బరువు దిగిపోయిందని మేం సంబరపడ్డాం. దిగిందా? "ట్యాబులోనూ ఎక్కించాలి, పుస్తకంలోనూ రాయాలి పిన్నిగారూ" అంది. గేదెని కొన్నాక కూడా పాలప్యాకెట్లు తెచ్చుకున్నట్టు!

పైగా మా వీధిలో సిగ్నలు మా డాబా మీదే తగులుతుంది, అదీ నీళ్ళ ట్యాంకుకి తూర్పు మూల. అందుకని సాయంత్రం అయ్యేసరికి ఆ అమ్మాయి మా మెట్లెక్కి, ట్యాంకు పక్కన కూర్చుని, ఊళ్ళో ఎవరి కడుపులో ఎన్నో నెలో ఆకాశానికి పంపిస్తూ ఉంటుంది. నేను కాఫీ పట్టుకెళతాను. గుట్టు అడిగానా, చెప్పదు. ఎంత బతిమాలినా చెప్పదండీ! ఆ ఒక్క విషయంలో మాత్రం గట్టి పిల్ల.

నర్సుకి ఈ లెక్కల గోలేమిటని ఓసారి నేనూ విసుక్కున్నాను. ఫ్లోరెన్స్ నైటింగేల్ అనగానే మనకి చేతిలో దీపమే గుర్తొస్తుంది కదా. ఆవిడ లెక్కల్లో దిట్టట! క్రిమియా యుద్ధంలో సిపాయిలు తూటాలకంటే ఆసుపత్రి రోగాలకే ఎక్కువమంది చచ్చిపోయారని 1858లో రంగురంగుల రేకుల పటం గీసి పెద్దవాళ్ళ మొహాన పెట్టింది. దూరం నుంచి చూస్తే గులాబీ ముగ్గులా ఉంటుంది. ఈ సంగతి చెబితే సిస్టరు "ఆవిడకి నెట్టు పోయే బాధ లేదుగా" అంది. అదీ నిజమే.

అన్నట్టు, ఈ-సంజీవని చూశారా మీరు? 2019 నవంబరులో మొదలైంది. ఊళ్ళో క్లినిక్కులో మనం కూర్చుంటే ఎక్కడో పెద్దాసుపత్రి డాక్టరు తెరమీదకొచ్చి చూస్తారు. 2023 ఫిబ్రవరికి దేశం మొత్తం మీద 10 కోట్ల సంప్రదింపులు దాటాయి, అందులో మన ఆంధ్రప్రదేశ్ ముందు వరసలో ఉంది. 10 కోట్ల సంగతి నాకు తెలీదు గానీ, ఒకటి మాత్రం కళ్ళారా చూశాను.

మాకు పాలు పోసే ముసలమ్మకి నీరసంగా ఉంటే నేనే తోడు వెళ్ళాను. తెరమీద డాక్టరు బాబు ప్రత్యక్షమయ్యాడు. కుర్రవాడు. ముసలమ్మ చటుక్కున కొంగు నెత్తిమీదకి లాక్కుని, కుర్చీలోంచి లేచి నిలబడింది. "దండం బాబూ. అన్నం తిన్నావా?" పాపం ఆయన "తిన్నానమ్మా, కూర్చో" అన్నాడు. "నాలుక చాపమ్మా" అంటే నా వంక చూసింది, పరాయి మగాడి ముందు చాపనా అన్నట్టు. సిస్టరు గడ్డం పట్టుకుని బుజ్జగించి చాపించింది, కింది రెప్ప వంచి కెమెరాకి చూపించింది. ఇంతలో నెట్టు ఆగింది. డాక్టరుబాబు నోరు సగం తెరిచి, ఒక కన్ను మూసి, అలాగే బిగుసుకుపోయాడు. ముసలమ్మ గుండెలు బాదుకుంది. "అయ్యో, ఆ బిడ్డకేమైందో! నా సంగతి తర్వాత, ముందు ఆయన్ని చూడు తల్లీ!"

తిరిగొచ్చి రక్తం తక్కువని ఐరన్ మాత్రలు రాశాడు లెండి. ఆవిడ ఇప్పటికీ అడుగుతుంటుంది, ఆ బాబు ఒంట్లో బాగుందా అని.

కరోనా రోజుల్లో వేలికి తగిలించే ఆక్సీమీటరు కూడా ఇలాగే ఏడిపించింది. ఎర్రటి వెలుగొకటి, కంటికి కనిపించని వెలుగొకటి వేలిలోంచి పంపి ఆక్సిజన్ లెక్క తేలుస్తుందట. దాన్ని కనిపెట్టిన జపాన్ ఆయన తకువో అయోయాగి. 1974 నాటి మాట. లోకమంతా దానికోసం మందుల షాపుల ముందు క్యూ కట్టబోయే వేళ, 2020 ఏప్రిల్లో కన్నుమూశారు. మా అత్తగారికి తగిలిస్తే మిషను గీతలు చూపిస్తుంది తప్ప అంకె చెప్పదు. "నా గోరింటాకు వల్లేనర్రా" అని ఆవిడ. "బ్యాటరీ" అని మా ఆయన. "చైనా సరుకు" అని బావగారు, ఫోనులోంచి. మాస్కు మీద మాస్కు వేసుకుని సిస్టరు వచ్చింది. ఆవిడ చెయ్యి తన రెండు చేతుల మధ్య పెట్టుకుని, చలికాలం పసిపిల్లల చేతులు రుద్దినట్టు మెల్లగా రుద్దింది. వేళ్ళు చల్లబడితే దానికి నాడి దొరకదట. మళ్ళీ తగిలిస్తే 97. గోరింటాకు మీద నింద తొలగింది.

వాట్సాప్ వైద్యం గురించి ఎంతసేపైనా చెప్పొచ్చు గానీ, బెండకాయ నీళ్ళు మీరూ తాగే ఉంటారు. ఆ జిగురు తలుచుకుంటేనే కడుపులో తిప్పుతోంది. వదిలేద్దాం.

ఆఖరికి మామిడిపండు సంగతి చెప్పి వెళ్ళిపోతాను. పొయ్యి మీద పప్పుంది.

ఈ వేసవిలో మనవలొచ్చారు. తాతగారు పీట వేసుకుని కూర్చుని బంగినపల్లులు కోసి పెట్టారు. రాత్రి భోజనానికి ముందు బుద్ధిగా షుగరు చూసుకున్నారు. 318! ఫొటో గ్రూపులోకి వెళ్ళిపోయింది. విజయవాడలో బావగారు ఆసుపత్రుల పేర్లు పంపడం మొదలెట్టారు. డాలస్‌లో అప్పుడు పొద్దున్న ఎనిమిదిన్నర. ఆఫీసుకి వెళుతున్న అబ్బాయి కారు పక్కకి ఆపి వీడియో కాల్ చేశాడు. ఆడపడుచు అయిదు దణ్ణాలు పెట్టింది, వరసగా. నాకు కాళ్ళూ చేతులూ ఆడక గోడ దగ్గరికి పరిగెత్తాను.

సిస్టరు తాపీగా వచ్చింది. మిషను చూడలేదు. ఆయన వేలు పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"బాబాయిగారూ, సబ్బుతో చేతులు కడుక్కుని, తుడుచుకుని రండి."

వచ్చారు. ఇంకో వేలు, ఇంకో స్ట్రిప్పు. 151.

"మీరు ఇందాక చూసింది మామిడిపండు షుగరు. దానికి లేకపోతే ఎలా?"

డాలస్ నుంచి ఒక్కటే నవ్వు. బావగారు ఆసుపత్రుల పేర్లన్నీ ఒక్కొక్కటే చెరిపేసుకున్నారు.

మర్నాడు పొద్దున్నే టింగుమంది. ఫాస్టింగు 139. భేష్‌లు, దణ్ణాలు. నేను వంటింట్లోకి వెళ్ళి బుట్ట చూసుకున్నాను. రాత్రి పడుకునేముందు 8 పళ్ళున్నాయి. ఇప్పుడు 7. పిల్లలింకా నిద్ర లేవలేదు. మా ఆయన చేతులు మాత్రం సబ్బు వాసన ఘుమఘుమలాడుతున్నాయి.