మూడు తేదీలు

2020 ఆగస్టు 11. కరోనా రోజులు. డెస్కులో మనిషికీ మనిషికీ మధ్య ఒక కుర్చీ ఖాళీగా వదిలి కూర్చునేవాళ్లం. మధ్యాహ్నం ఢిల్లీ నుంచి వార్త వచ్చింది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఉంటుందని సుప్రీంకోర్టు తేల్చింది. చట్ట సవరణ అమల్లోకి వచ్చిన 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికున్నాడా లేదా అన్నదాంతో పనిలేదంది. జస్టిస్ అరుణ్ మిశ్రా, జస్టిస్ అబ్దుల్ నజీర్, జస్టిస్ ఎం.ఆర్.షా ధర్మాసనం. అదే కోర్టు 2015లో ఒకలా, 2018లో ఇంకోలా చెప్పడంతో కింది కోర్టుల్లో ఆడపిల్లల దావాలు ఎటూ తేలక నలుగుతుండేవి. ఆ చిక్కు వీడింది. మొదటి పేజీ వార్త అనడానికి ఎవరూ రెండోసారి ఆలోచించలేదు.

శీర్షిక నేనే పెట్టాను. ‘ఆస్తిలో ఆడబిడ్డకు సమాన వాటా’. కూతురు జీవితాంతం కూతురే అన్న అర్థంలో తీర్పులో ఉన్న మాటను రంగు బాక్సులో వేశాం. నాకు ఇద్దరు అక్కలు. ఆ రాత్రి పేజీ వదిలాక పెద్దక్కకు ఫోన్ చేసి వార్తంతా చదివి వినిపించాను.

నాకొచ్చిన కాపీలో చివరి నుంచి రెండో పేరాలో ఇంకో వాక్యం ఉంది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు దస్తావేజుతోనో, కోర్టు డిక్రీతోనో జరిగిపోయిన పంపకాలను ఈ తీర్పు కదపదని దాని సారాంశం. రాత్రి తొమ్మిది దాటాక ప్రకటన ఒకటి వచ్చి చోటు తగ్గింది. కింది నుంచి కోసేశాను. మా పనిలో చేరగానే నేర్పే మొదటి సంగతి అదే. ముఖ్యమైనది పైన రాయాలి, కోయాల్సి వస్తే కింది నుంచి కోయాలి.

ఆరు నెలలు గడిచాయి. ఒక సాయంత్రం కింద గేటు దగ్గర నుంచి ఫోను. ఎవరో పెద్దావిడ వచ్చారు, కోర్టు వార్త రాసినాయన కావాలంటున్నారు అని. దిగి వెళ్లాను. అరవై దగ్గర పడిన మనిషి. గుంటూరు జిల్లాలోని పల్లెటూరి నుంచి రెండు బస్సులు మారి వచ్చారు. చేతిలో బట్టల షాపు కవరు. అందులో తండ్రి మరణ ధ్రువపత్రం, పట్టాదారు పాసుపుస్తకం జిరాక్సు, ఆస్తి పంపకాల పారీఖత్తు నకలు, వాటి మధ్య మా పేపరు ముక్క. నాలుగు మడతలు పెట్టిన చోట అక్షరాలు చెరిగిపోయి, ‘ఆడబిడ్డ’లో ‘బి’ కనిపించడం లేదు.

“ఇది రాసింది మీరేనా బాబూ?” అన్నారు.

అవునన్నాను.

ఆ ముక్క పట్టుకుని ఆవిడ ఒక ప్లీడరు గారి దగ్గరకు వెళ్లారు. తమ్ముళ్లిద్దరికీ నోటీసులు వెళ్లాయి. ఖర్చులకు రెండు గాజులు తాకట్టులోకి పోయాయి. తమ్ముళ్లు మాట మానేశారు. సంక్రాంతికి పుట్టింటి నుంచి రావాల్సిన చీర రాలేదు. మేనల్లుడి పెళ్లి శుభలేఖ ఊళ్లో అందరికీ అందింది, అక్కకు అందలేదు. చివరికి ఇంకో ప్లీడరు గారు కాయితాలన్నీ చూసి, “మీ నాన్నగారు 1998లోనే పారీఖత్తు రిజిస్టరు చేయించారు కదమ్మా, ఇది నిలబడదు” అన్నారట. ఆవిడ అడిగింది ఒక్కటే. “పేపర్లో అలా లేదే బాబూ?”

లేదు. ఆ వాక్యాన్ని కోసింది నేనే. ఆవిడతో ఆ మాట చెప్పాను. కోపంగా చూస్తారనుకున్నాను. కోప్పడలేదు. పారీఖత్తు నకలును నా వైపు జరిపి, “అయితే ఇప్పుడు మొత్తం చదివి చెప్పండి” అన్నారు.

రిసెప్షన్‌లో ఆవిడ పక్కన కూర్చుని ఆ తీర్పు మొదటిసారి పూర్తిగా చదివాను. ఏజెన్సీ పంపిన ఆరు పేరాలు కావు, వంద పేజీలు దాటిన అసలు ప్రతి. ఆవిడ జీవితమంతా మూడు తేదీల మధ్య ఇరుక్కుని కనిపించింది. మొదటిది 1985 సెప్టెంబరు 5. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ అమల్లోకి వచ్చిన రోజు. అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చింది. దేశమంతటికీ అలాంటి చట్టం రావడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. ఈవిడ పెళ్లి 1981లో అయింది. రెండోది 2004 డిసెంబరు 20. కేంద్ర బిల్లు రాజ్యసభ ముందుకు వచ్చిన రోజు. ఆ తర్వాత ఆడపిల్లలను తప్పించడానికి దొంగ పంపకాలు పుట్టించకుండా అక్కడ గీత గీశారు. నోటిమాట పంపకాలను కోర్టు తేలిగ్గా ఒప్పుకోదు, రిజిస్టరైన పాత దస్తావేజును మాత్రం కదపదు. వీళ్లది 1998. మూడోది 2005 సెప్టెంబరు 9. ఆవిడ దాకా అది రానే లేదు.

నా స్నేహితుడు జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేస్తాడు. అతనికి ఫోన్ చేసి చెబుతుంటే మధ్యలో ఆపి, “తండ్రి తన పేరున ఏమైనా ఉంచుకున్నాడా?” అని అడిగాడు. నకలు తిప్పి చూశాం. ఉంచుకున్నాడు. మూడు వాటాలు వేసి, రెండు కొడుకులకిచ్చి, ఎకరం ఇరవై సెంట్లు తన పేరున పెట్టుకున్నాడు. ఆయన 2011లో పోయాడు. వీలునామా లేదు. తల్లి అంతకుముందే పోయింది. అయితే ఆ ఎకరం ఇరవై సెంట్లు ముగ్గురు పిల్లలకూ సమానమే, నలభై సెంట్లు ఈవిడది. దీన్ని 2020 తీర్పు ఇవ్వలేదు, 2005 సవరణా ఇవ్వలేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలోనే ఉంది. తండ్రి పోయిన రోజు నుంచీ ఆవిడదే.

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “మరి ఇది పేపర్లో ఎందుకు రాయలేదు బాబూ?” అన్నారు.

1956 చట్టం వార్త కాదు కాబట్టి. ఆ మాట పైకి అనలేకపోయాను. పేపరు ముక్క వెనకవైపు ఖాళీలో మూడు తేదీలూ, కింద నలభై సెంట్ల లెక్కా రాసిచ్చాను. ఆవిడ దాన్ని మళ్లీ నాలుగు మడతలూ పెట్టి కవర్లో వేసుకున్నారు.

ఆ రోజు నుంచి తీర్పులను చివరి పేజీ నుంచి చదువుతున్నాను. ఎవరికి, ఎప్పటి నుంచి, ఏది మినహా? ఈ మూడూ దొరికేదాకా శీర్షిక జోలికి పోను. డెస్కులో కొత్తగా చేరిన పిల్లలకూ అదే చెబుతున్నాను, మిగతా వార్తలను కింది నుంచి కోసినా కోర్టు వార్తను మాత్రం కోయొద్దని. రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం సుప్రీంకోర్టు పని ఇంగ్లిషులోనే జరుగుతుంది. ఈమధ్య కొన్ని తీర్పులకు తెలుగు అనువాదాలు కోర్టే పెడుతోంది. అది మంచి పని, మనసారా ఆహ్వానించాల్సిన పని. అయినా వాటిమీద ప్రామాణికం ఇంగ్లిషు ప్రతేనని రాసి ఉంటుంది. బట్టల షాపు కవరుతో వచ్చిన ఆవిడ లాంటివాళ్లకు తీర్పంటే మేం వేసిన ఆ ముక్కే.

అలా చూడటం మొదలుపెట్టాక ప్రతి తీర్పులోనూ ఒక అంకె, ఒక మినహాయింపు కాచుకుని కూర్చున్నట్టే ఉంటుంది. 2024 నవంబరు 6న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, తేలికపాటి వాహనాల లైసెన్సు ఉన్నవాళ్లు విడిగా అనుమతి లేకుండానే రవాణా వాహనమూ నడపొచ్చని చెప్పింది. జిల్లా నుంచి వచ్చిన కాపీకి ‘కారు లైసెన్సుతో లారీ’ అని శీర్షిక ఉంది. సరుకు బరువుతో కలిపి 7,500 కిలోలు మించని బండి అయితేనే అన్నది వార్తలో ఎక్కడా లేదు. చిన్న ట్రాలీ బండి నడుపుకునేవాడికి అది అన్నం పెట్టే తీర్పు. అది చదివి పెద్ద లారీ ఎక్కినవాడు ప్రమాదంలో ఇరుక్కుంటే బీమా కంపెనీ ముందు చేతులు కట్టుకుని నిలబడాలి.

వారం తర్వాత నవంబరు 13న బుల్డోజర్ల తీర్పు. నేరం ఆరోపించారని ఇల్లు కూల్చడం కుదరదు, పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, దాన్ని రిజిస్టరు పోస్టులో పంపాలి, తప్పు చేసిన అధికారి సొంత డబ్బుతో నష్టం కట్టాలి. చదువుతుంటే ఒళ్లు పులకరించింది. కానీ రోడ్లు, ఫుట్‌పాత్‌లు, రైలు పట్టాల పక్క స్థలాలు, నదులు, జలవనరుల్లోని అక్రమ కట్టడాలకు ఈ రక్షణ వర్తించదని అందులోనే ఉంది. బెజవాడలో కాలువ గట్ల మీద ఎన్ని ఇళ్లున్నాయో మాకు తెలియంది కాదు. ఆ వాక్యాన్ని మొదటి పేరాలో పెట్టించాను. వార్త అందం తగ్గిందని ఒకరన్నారు. తగ్గనీ అన్నాను.

అన్నిటికంటే ఎక్కువగా నన్ను కూర్చోబెట్టింది 2024 ఆగస్టు 1. ఎస్సీ వర్గీకరణ. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మంద కృష్ణ మాదిగ మొదలుపెట్టిన దండోరా ఉద్యమం నా ఉద్యోగం కంటే పాతది. ఉమ్మడి రాష్ట్రం ఎస్సీలను ఏ, బీ, సీ, డీలుగా విడదీస్తూ చేసిన చట్టాన్ని 2004లో ఐదుగురు న్యాయమూర్తులు చిన్నయ్య కేసులో కొట్టేశారు. ఇరవై ఏళ్ల తర్వాత ఏడుగురు కూర్చుని, ఆరుగురు ఒకవైపు, జస్టిస్ బేలా త్రివేది ఒకవైపు తేల్చారు. డెస్కులో చప్పట్లు కొట్టినవాళ్లున్నారు, మౌనంగా ఉండిపోయినవాళ్లూ ఉన్నారు. ఇద్దరి మనసూ నాకు తెలుసు. మొదట వచ్చిన శీర్షిక ‘వర్గీకరించాలని సుప్రీం ఆదేశం’. కోర్టు ఆదేశించలేదు. రాష్ట్రాలు చేయవచ్చంది, అదీ తగిన గణాంకాలు దగ్గర పెట్టుకుని. ఇంగ్లిషులో ఒక్క చిన్న మాట తేడా, తెలుగులో క్రియ చివర తేడా. ‘చేయాలి’కీ ‘చేయవచ్చు’కీ మధ్య ఎనిమిది నెలలు గడిచాయి. రెండు రాష్ట్రాల్లోనూ ఏకసభ్య కమిషన్లు తిరిగాయి. 2025 ఏప్రిల్ 14న తెలంగాణలో చట్టం అమల్లోకి వచ్చింది, ఆ నెలలోనే ఆంధ్రప్రదేశ్‌లో ఆర్డినెన్సు వచ్చింది. తెలంగాణలో మూడు గ్రూపులకు 1, 9, 5 శాతం, ఇక్కడ 1, 6.5, 7.5.

ఆ తీర్పులోనే నలుగురు న్యాయమూర్తులు ఎస్సీల్లోనూ క్రీమీలేయరును గుర్తించాలని రాశారు. అది వాళ్ల అభిప్రాయం. ఆ కేసులో కోర్టు ముందున్న ప్రశ్న అది కాదు. మర్నాటికి ఊళ్లలో రిజర్వేషన్ పోతుందన్న భయం పాకింది. గుమస్తా ఉద్యోగం చేసే ఒక తండ్రి ఫోన్ చేసి, మా అమ్మాయి సీటు పోతుందా సార్ అని అడిగాడు. ఆ భయాన్ని పుట్టించిన వాటిలో మా శీర్షికలూ ఉన్నాయి. న్యాయమూర్తి విచారణలో నోటితో అన్నది, తీర్పులో పక్కమాటగా రాసింది, తీర్పుగా చెప్పింది మూడూ వేరు. మేం మాత్రం మూడింటికీ ‘సుప్రీం’ అనే ఒకే టోపీ పెడతాం. మొట్టికాయలు, అక్షింతలు, ఊరట, ఎదురుదెబ్బ, ఈ నాలుగు మాటలతో ఏళ్లకేళ్లు పేజీలు నింపాం. వీటిలో ఏదీ ఆ తండ్రి ప్రశ్నకు జవాబు చెప్పదు.

కొన్ని ఉత్తర్వులు పక్షం రోజులైనా నిలవవు. 2025 ఆగస్టు 11న ఢిల్లీ వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమన్నారు. 22న ముగ్గురు న్యాయమూర్తులు దాన్ని మార్చి, రేబిస్ ఉన్నవీ, మీద పడి కరిచేవీ తప్ప మిగతావాటికి కుటుంబ నియంత్రణ ఆపరేషను చేసి, టీకా వేసి పట్టుకున్నచోటే వదలమన్నారు. మొదటిది బ్యానరుగా వేసినవాళ్లు రెండోదాన్ని సింగిల్ కాలంలో సర్దడం చూశాను.

ఆ తర్వాత పది రోజులకు, సెప్టెంబరు 1న, టీచర్ల తీర్పు వచ్చింది. సర్వీసులో ఉన్నవాళ్లూ రెండేళ్లలో ఉపాధ్యాయ అర్హత పరీక్ష, అంటే టెట్, పాసవ్వాలి. రిటైర్మెంటుకు ఐదేళ్లలోపు ఉన్నవాళ్లకు మినహాయింపు, అయితే టెట్ లేకుండా ప్రమోషన్ ఉండదు. మర్నాడు పొద్దున్నుంచీ ఫోన్లే. ఒకాయన ప్రాథమిక పాఠశాలలో చెబుతున్నారట, గొంతు చాలా మర్యాదగా ఉంది. “సార్, నాది 1968 అక్టోబరు. నేను లోపలా బయటా?” అన్నారు.

కాయితం తీసుకున్నాను. మన రాష్ట్రంలో అరవై రెండేళ్లకు పదవీ విరమణ, అంటే 2030 అక్టోబరు ఆఖరు. తీర్పు వచ్చింది 2025 సెప్టెంబరు 1న. ఐదేళ్లు నిండి పైన రెండు నెలలు.

“రెండు నెలలు ఎక్కువైంది మాస్టారూ” అన్నాను.

అవతల ఏ చప్పుడూ లేదు. వెనక పిల్లలు ఎక్కం చదువుతున్నారు. “ఆ వాక్యం ఇంకోసారి చదువుతారా?” అన్నారాయన. తెలుగులో చదివాను. తర్వాత ఇంగ్లిషులో చదివాను. ఆయన తేదీలన్నీ రాసుకున్నారు.