‘టేక్’తో తంటా!

ఇంగ్లీషులో ‘టేక్’ ఎంత చిన్న మాట! అర్థం అడిగితే ఒకటో తరగతి పిల్లాడు కూడా ‘తీసుకొను’ అని ఠక్కున చెప్పేస్తాడు. వాడుకలోకి దిగితేనే అసలు తంటా.

చిలకలూరిపేట దగ్గర పల్లె నుంచి ఎంబీబీఎస్ చదవడానికి చైనా వెళ్లిన ఓ అమ్మాయికి అక్కడో స్నేహితురాలు దొరికింది. షాన్‌డాంగ్ పిల్ల. వాళ్లదీ పత్తి పండించే ఇల్లే. ఈమె ఇంగ్లీషు నేర్పాలి, ఆమె చైనీస్ నేర్పాలి... అదీ ఒప్పందం. మొదటిరోజే ‘టేక్’ దగ్గర బండి ఆగిపోయింది.

ఇంగ్లీషువాడు బస్సును ‘టేక్’ చేస్తాడు. మనం ఎక్కుతాం. చైనావాళ్లు బస్సు ‘కూర్చుంటారు’. పరీక్షను అతను టేక్ చేస్తే మనం రాస్తాం. అందుకే మన పిల్లలు ‘ఐ రోట్ ద ఎగ్జామ్’ అని ధీమాగా అంటారు. తప్పేముంది, రాసింది నిజమేగా! ఫొటో మనం తీస్తాం, వాళ్లు ‘చరుస్తారు’.

మందునూ ఇంగ్లీషులో టేక్ చేయాల్సిందే. చైనీస్‌లో మాత్రం ‘చి యావ్’, అంటే మందు తినడం. అందుకే ఆ పిల్ల నోట ఎప్పుడూ ‘ఈట్ మెడిసిన్’ అనే వచ్చేది.

‘మరి మీరేమంటారు?’ అని అడిగింది.

‘మాత్రయితే వేసుకుంటాం. టానిక్కయితే...’ అంటూ ఈమె ఆగిపోయింది.

పత్తి, మిరప నేలల్లో ‘మందు తాగాడు’ అన్న మాట ఎవరూ తేలిగ్గా అనరు. 1987-88లో తెల్లదోమ చేలను ఊడ్చేసినప్పుడు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి రైతులు పురుగుమందు తాగి ప్రాణాలు తీసుకున్నారు. ఇక్కడ మాత్రం తెలుగుకీ ఇంగ్లీషుకీ తేడా లేదు. రెండూ ‘తీసుకోవడమే’. అప్పటికి ఆ అమ్మాయి పుట్టలేదు. అయినా పెద్దవాళ్లు గొంతు తగ్గించి ఆ మాట అనడం వింటూనే పెరిగింది.

ఇదంతా విడమరిచి చెబితే చైనా పిల్ల కాసేపు మాట్లాడలేదు. తర్వాత నోటుబుక్కులో రెండు మాటలు రాసింది. ‘దా యావ్’ అంటే మందు కొట్టడం, చేలో. అచ్చం మన మాటే, క్రియతో సహా! రెండోది ‘హ యావ్’, మందు తాగడం. వాళ్ల పల్లెల్లోనూ ఆ మాట వినగానే జనం పరుగెత్తుకొస్తారట.

ఆ రాత్రి ఈమె ఇంటికి ఫోన్ చేసింది.

‘మిరప చేలో మందు కొట్టి ఇప్పుడే వచ్చా తల్లీ’ అన్నాడు నాన్న.

‘స్నానం చేశావా? షుగర్ మాత్ర వేసుకున్నావా?’

‘ఇదుగో, మీ అమ్మ నీళ్లు తెస్తోంది.’