ఖాళీ గడి



మేం ముగ్గురం ఆరో తరగతిలో ఒకే రోజున ట్రంకు పెట్టెలు మోసుకుంటూ ఈ గేటు లోపలికి వచ్చినవాళ్లం. ఇప్పుడు ఎంసీఏ చదువుతున్నాం. మా మూడు ఇళ్లలోనూ డిగ్రీ పూర్తి చేసిన మొదటివాళ్లం మేమే. "కంప్యూటర్ చదువుతున్నారు కదరా, మన పిల్లలకు పనికొచ్చేది ఏదైనా చేయండి" అని పోయిన ఏడాది వార్డెన్ సార్ అడిగితే సంతోషంగా ఒప్పుకున్నాం. ఆ పనిలో మేం చేసిన తప్పు గురించి, దాన్ని దిద్దుకున్న తీరు గురించి చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

వార్షికోత్సవానికి వచ్చే తల్లిదండ్రుల చేతికి ఒక చిన్న పుస్తకం ఇవ్వాలని అనుకున్నాం. హాస్టల్‌లో ఉన్న 84 మందికి తలా ఒక పేజీ. అందులో పేరు, తరగతి, ఊరు, పెద్దయ్యాక ఏం కావాలనుకుంటున్నాడు, పక్కన ఇంటి నుంచి తెచ్చుకున్న ఒక ఫోటో. అన్ని పేజీలు విడివిడిగా తయారు చేయడం కష్టం కదా! అందుకని వివరాలన్నీ పట్టికలో ఎక్కించి, పైథాన్ ప్రోగ్రామ్‌తో వెబ్ పేజీగా మార్చి, వీజీప్రింట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పీడీఎఫ్ చేయాలని నిర్ణయించుకున్నాం.

ఫోటోలు అడిగితే ఆరో తరగతి తమ్ముడొకడు తన పెట్టె అడుగున, పాత పేపరు కింద దాచుకున్న ఫోటో తీశాడు. ఊరి జాతరలో దిగినది. నాన్న భుజం మీద వీడు కూర్చుని ఉన్నాడు. ఆ నాన్న ఇప్పుడు లేడు. వాళ్లింట్లో ఆయన ఫోటో అదొక్కటే. మా చేతికివ్వడానికి వాడికి మనసొప్పలేదు. "ఇక్కడే తీసుకోండన్నా" అన్నాడు. ఆ ఫోటోను పెట్టె మీదే పెట్టి ఫోన్‌తో తీసుకున్నాం.

పేజీ తయారయ్యాక మా ల్యాప్‌టాప్‌లో, బ్రౌజర్‌లో తెరిచి చూశాం. ఫోటోలన్నీ చక్కగా కనిపించాయి. తర్వాత కాలేజీ ల్యాబ్‌లో కూర్చుని పీడీఎఫ్ చేశాం. అట్ట మీద హాస్టల్ భవనం బొమ్మ వచ్చింది. దాన్ని చూసి మురిసిపోయి, లోపలి పేజీలు తిప్పకుండానే నమూనాగా ఒక కాపీ ప్రింటు తీయించి హాస్టల్‌కు తెచ్చాం. స్టడీ అవర్‌లో పిల్లలంతా చుట్టూ మూగారు. అక్షరాలన్నీ ఉన్నాయి. ఫోటో ఉండాల్సిన చోట మాత్రం గీత గీసిన ఖాళీ గడి. 84 పేజీల్లోనూ అంతే. ఆ తమ్ముడు తన పేజీ తీసి, గడి మీద వేలు పెట్టి చూశాడు. "మా నాన్న రాలేదన్నా" అని మెల్లగా అన్నాడు. మాకు మాట రాలేదు.

ఆ రాత్రి ల్యాబ్‌కు తిరిగి వెళ్లి కూర్చుంటే అసలు సంగతి తెలిసింది. మామూలుగా వెబ్ పేజీలో బొమ్మ ఉండదు, బొమ్మ ఎక్కడుందో చెప్పే చిరునామా మాత్రమే ఉంటుంది. వెబ్ పేజీలో బొమ్మ పెట్టే ట్యాగ్‌ను మార్క్ ఆండ్రీసెన్ 1993లో ప్రతిపాదించారు. అడోబీ సంస్థ పీడీఎఫ్‌ను తెచ్చిందీ 1993లోనే. రెండూ ఒకే ఈడువైనా స్వభావాలు వేరు. మొదటిది చిరునామా చెప్పి ఊరుకుంటుంది. రెండోది బొమ్మను తన లోపలే పెట్టుకుని వెళుతుంది.

ఇంట్లో ఉన్నప్పుడు "చొక్కా ఎక్కడ?" అంటే "దండెం మీద" అని అమ్మ చెబితే చాలు. హాస్టల్‌కు వచ్చాక ఆ మాట పనికిరాదు. ఏ ఇంటి దండెం? మా ప్రోగ్రామ్ చేసిందీ అదే. "ఫోటోల ఫోల్డర్‌లో ఉంది" అని రాసింది కానీ, ఆ ఫోల్డర్ ఎక్కడుందో చెప్పలేదు. పేజీని ఫైల్‌గా తెరిచాం కాబట్టి బ్రౌజర్‌కు దారి తెలిసింది. వీజీప్రింట్‌కు మాత్రం పేజీలోని రాతను మాత్రమే అందించాం. అట్ట మీది బొమ్మకు పూర్తి వెబ్ చిరునామా ఇచ్చాం కాబట్టి అదొక్కటీ వచ్చింది. బొమ్మ దొరకకపోతే వీజీప్రింట్ ఆగదు, ఒక హెచ్చరిక రాసి ముందుకు పోతుంది. ఆ హెచ్చరికలను మేం చదవలేదు.

బేస్ యూఆర్ఎల్ అనే చోట ఫోల్డర్ దారి రాయగానే 73 ఫోటోలు వచ్చాయి. మిగిలిన 11లో ఆ తమ్ముడిదీ ఒకటి! వెతికితే, ఆ ఫైళ్ల పేర్ల చివర జేపీజీ అనే మూడు అక్షరాలు పెద్దబడిలో ఉన్నాయి. మేం ప్రోగ్రామ్‌లో చిన్నబడిలో రాశాం. మా ల్యాప్‌టాప్‌లోని విండోస్ ఆ తేడా పట్టించుకోలేదు. ల్యాబ్‌లోని లైనక్స్ మాత్రం రెండూ వేరని అంది. పేర్లు సరిచేశాం.

ఇంకో చిక్కు వచ్చింది. ఫోన్ ఫోటోలు పెద్దవి కావడంతో పీడీఎఫ్ మోయలేనంత బరువైంది. పాస్‌పోర్టు సైజు, అంటే 35 మిల్లీమీటర్ల వెడల్పు, 45 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న ఫోటో అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చవ్వాలంటే సుమారు 413 పిక్సెళ్ల వెడల్పు, 531 పిక్సెళ్ల ఎత్తు చాలు. ఆ కొలతకు కుదిస్తే కొన్ని ఫోటోలు పక్కకు పడుకున్నాయి. ఫోటోను ఎటు తిప్పి చూపాలో ఫోన్ విడిగా ఒక గుర్తు రాసి పెడుతుంది, కుదించేటప్పుడు ఆ గుర్తు పోయింది. ముందే నిలబెట్టి, తర్వాత కుదించాం. చివరగా, ఒక్క ఫోటో దొరకకపోయినా పీడీఎఫ్ చేయకుండా ఆగిపోయేలా ప్రోగ్రామ్‌లో నాలుగు వరుసలు చేర్చాం. ఈసారి 84 పేజీలూ ఒక్కొక్కటిగా తిప్పి చూశాకే ప్రింటుకిచ్చాం.

వార్షికోత్సవం రోజున ఆ తమ్ముడి వాళ్లమ్మ వచ్చింది. కూలికి పోకుండా ఆ పూట మానుకుని వచ్చింది. పుస్తకం చేతికిస్తే తలకిందులుగా పట్టుకుంది. కొడుకే సరిగా తిప్పి, తన పేజీ తీసి చూపించాడు. ఆమె చాలాసేపు ఆ ఫోటోనే చూసింది. తర్వాత పుస్తకాన్ని కొంగులో చుట్టుకుంది.

అప్పుడు మాకు అర్థమైంది. రాతే ముఖ్యం, బొమ్మ అలంకారం అని మేం అనుకున్నాం. చదువు రాని అమ్మకు ఆ పేజీలో చదవగలిగింది ఆ బొమ్మ ఒక్కటే. మా డిగ్రీ పట్టా ఇంటికి తీసుకెళ్లినప్పుడు మా అమ్మలు వేలు పెట్టి చూసిందీ మూలన ఉన్న మా ఫోటోనే కదా! ఆ సంగతి మేమే మరిచిపోయాం.

తమ్ముళ్లూ! రేపు మీలో ఎంతోమంది కంప్యూటర్ ముందు కూర్చుంటారు. ప్రోగ్రామ్ తప్పు చూపకుండా ముగిసిందని పని అయిపోయిందనుకోకండి. చివరి పేజీ దాకా తిప్పి చూడండి. అది ఎవరి చేతికి వెళుతుందో ఒక్కసారి తలుచుకోండి. మన ఇళ్ల నుంచి వచ్చే ఏ ఒక్కరి గడీ ఖాళీగా మిగలకూడదు.